పెట్టెకు చదివి వినిపించవలెను

ఆ సోమవారం ఉదయం హైమవతి చేసిన తప్పు ఒక్కటే. ఎవరినీ అడక్కుండా పని చేసేసింది.

ఆమె గ్రామ అనుసంధాన మండలి విజయనగరం ప్రాంతీయ కార్యాలయంలో అసిస్టెంట్ ఇంజనీరు. ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది కానీ కార్యాలయం ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. ఆ కార్యాలయం కింద రెండు వందల పన్నెండు ఊళ్ళున్నాయి. ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక సర్కారు గోడకు ఒక ఇనుప పెట్టె బిగించి ఉంటుంది. ఆ ఊరి ఆసుపత్రి ఫోనునీ, రేషన్ డిపో మిషన్‌నీ, బడి కంప్యూటర్లనీ బయటి లోకంతో కలిపేది అదే. కాగితాల మీద దాని పేరు కంట్రోలరు. జనం పెట్టె అంటారు. అది నడవాలంటే దానికి రెండు కావాలి. పని ఎలా చెయ్యాలో చెప్పే మైక్రోకోడు ఒకటి, ఏ తీగ ఎవరిదో చెప్పే ఊరి వివరాల పట్టిక రెండోది. ఈ రెండూ కార్యాలయంలో కూర్చునే తీగ మీద పంపొచ్చు.

పెట్టెలో గడియారానికి ఒక జబ్బుందని హైమవతి కనిపెట్టింది. అది గంటల్ని ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తోంది. ఆగస్టు పదిహేడు మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆ లెక్క నిండిపోతుంది. అప్పుడు రెండు వందల పన్నెండు పెట్టెలూ ఒక్కసారే మూగబోతాయి. ఆమె కొత్త మైక్రోకోడు రాసి, ముందుగా బూరిపేట పెట్టె ఒక్కదానికి పంపి చూసింది. పదకొండు సెకన్లు పట్టింది. పెట్టె బాగానే ఉంది. కంప్యూటరు ఇచ్చిన రుజువును అచ్చు తీసి, మిగతావాటికి పంపడానికి అనుమతి కోరుతూ ఫైలు పైకి పంపింది.

మధ్యాహ్నానికి జాయింట్ డైరెక్టర్ తారకేశ్వరరావు పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఎవరినీ కసురుకోడు. ఒక్క కాగితమైనా చదవకుండా సంతకం పెట్టడు. చిక్కల్లా అక్కడే ఉంది.

"కూర్చోండమ్మా. మీరు సమర్పించిన నివేదికను ఆమూలాగ్రంగా పరిశీలించడమైనది. ఇందులో బూరిపేట నుంచి మైక్రోకోడు ముట్టినట్టు ఎ.సి.కె. అని ఒకరు సంతకం చేశారు. ఈ ఎ.సి.కె. ఎవరు?"

"మనిషి కాదు సార్. ముట్టిందని పెట్టె పంపే జవాబు అది."

"పెట్టెయే స్వయంగా జవాబిచ్చిందా?"

"అవును సార్."

"మీరు ఆదేశించారు, అది స్వీకరించింది, దాని ప్రకారం నడుచుకుంది. అంతేనా?"

"అంతే సార్," అంది హైమవతి, విషయం ఆయనకు అర్థమైందని సంబరపడుతూ.

తారకేశ్వరరావు బల్ల మీది లావుపాటి పుస్తకం తెరిచాడు. అది కార్యాలయ విధానాల సంపుటి. ముప్పై నాలుగో నిబంధన దగ్గర వేలు పెట్టి గొంతు సవరించుకున్నాడు. "ఆదేశములను స్వీకరించి, తదనుగుణముగా నడుచుకొను ప్రతి విభాగమును సబార్డినేటు కార్యాలయముగా పరిగణించవలెను. సబార్డినేటు కార్యాలయములకు ఆదేశములు రాతపూర్వకముగా, అధికార భాషలో, సంతకముతో కూడిన రసీదుపై మాత్రమే అందజేయవలెను." పుస్తకం మూశాడు. "తీగ మీద పంపడమంటే నోటిమాటతో సమానం. బూరిపేటకు మీరు నోటిమాటగా ఆదేశమిచ్చారు. మొదటిసారి కనుక క్షమించడమైనది."

అలా ఆ మధ్యాహ్నం రెండు వందల పన్నెండు ఇనుప పెట్టెలు సబార్డినేటు కార్యాలయాలైపోయాయి.

మర్నాడే ప్రతి పెట్టెకూ ఒక సర్వీసు రిజిస్టరు తెరవమని ఉత్తర్వు వచ్చింది. హైమవతి రెండు రోజులు కూర్చుని అన్నీ నింపింది. పుట్టిన తేదీ దగ్గర తయారైన తేదీ రాసింది. తండ్రి పేరు దగ్గర కంపెనీ పేరు రాస్తే, కంపెనీ ఆడా మగా అని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నుంచి ప్రశ్న వచ్చింది. గుర్తింపు చిహ్నాలు కనీసం రెండుండాలి కనక 'ఎడమ వైపున తుప్పుమచ్చ, కింద మూలన సొట్ట' అని రాసింది. సొట్ట లేని పెట్టెలు పదిహేడు తేలాయి. వాటికి సొట్ట పెట్టించాలా అని ఒక గుమాస్తా నిజంగానే నోట్ రాశాడు.

తరవాత భాష. మైక్రోకోడంటే ఒకట్లూ సున్నాలూ. అంకెలు ఏ భాషవో తేల్చలేం కనక వాటిని అక్షరాల్లో రాయాలని తీర్మానించి, అనువాద సంఘం వేశారు. ఒకటి విషయంలో పేచీ రాలేదు. సున్న దగ్గర సంఘం రెండుగా చీలింది. సున్న అంటే గోడకు కొట్టే సున్నమనుకుంటే అర్థం మారిపోతుందని ఒకాయన పట్టుబట్టాడు. ఆయన 'పూర్ణం' అనాలన్నాడు. పూర్ణం అంటే తనకు బూరెలే గుర్తొస్తాయని ఇంకొకాయన ఎదురు తిరిగాడు. 'శూన్యం' అమంగళమని అధ్యక్షుడు అన్నాడు. నాలుగు రోజుల తరవాత, మధ్యాహ్నం భోజనంలో బూరెలు వచ్చిన పూట, సున్నే ఖాయమైంది.

అక్షరాల్లో రాసేసరికి పదకొండు సెకన్ల మైక్రోకోడు పద్దెనిమిది వందల నలభై పేజీలైంది. రెండు వందల పన్నెండు ప్రతులు అచ్చు తీసి, బొత్తులు కట్టి, రిజిస్టర్డు పోస్టులో పంపారు. డిస్పాచ్ సెక్షన్ చూసే పైడితల్లి ముద్రలు వేసీ వేసీ కుడి భుజం నొప్పితో రెండు రోజులు సెలవు పెట్టింది.

వారం తిరక్కుండా బొత్తులన్నీ వెనక్కొచ్చాయి. తిరుగుటపాలో ఒక పోస్టుమాన్ కవరు మీద శ్రద్ధగా రాశాడు: 'అడ్రసుదారుని మూడుసార్లు పిలిచాను. పలకలేదు. లోపల పచ్చదీపం వెలుగుతున్నది.'

తారకేశ్వరరావు ఆ రాతను రెండుసార్లు చదివాడు. "లోపల ఉండి కూడా పలకలేదన్నమాట," అన్నాడు బాధగా. "ఉత్తర్వును తిరస్కరించినవారి విషయంలో రెండు మార్గాలున్నాయి. మొదటిది అతికింపు. ఉత్తర్వును వారి నివాసానికి అతికించి వచ్చేయవచ్చు."

"సార్, పెట్టెకు పక్కల గాలి కన్నాలుంటాయి. అతికిస్తే వేడెక్కిపోతుంది."

"ప్రయోగాత్మకంగా ఒక్క చోట చూద్దాం."

బూరిపేటలో చూశారు. పద్దెనిమిది వందల నలభై పేజీలు ఒక పెట్టె మీద పట్టవు కనక, పెట్టె మీదా గోడ మీదా కలిపి పట్టినన్ని, మైదా ఉడికించి అతికించారు. మూడు గంటలకల్లా పెట్టె వేడెక్కి ఆగిపోయింది. జబ్బు నయమైన పెట్టె అదొక్కటే. ఉత్తర్వు చూసి పెట్టె తీవ్ర మనస్తాపానికి లోనైనట్టు ఫైలులో నమోదైంది. హైమవతి స్వయంగా వెళ్ళి, తడిగుడ్డతో కాగితాలు ఊడదీసి, దాన్ని మళ్ళీ లేపింది.

"రెండో మార్గం," అన్నాడు తారకేశ్వరరావు, "ఇద్దరు సాక్షుల సమక్షంలో చదివి వినిపించడం."

"సార్, పెట్టెకు చెవుల్లేవు."

"చెవులు లేవన్న సంగతి దాని సర్వీసు రిజిస్టరులో నమోదైందా?"

"లేదు సార్."

"అయితే ఉన్నట్టే."

అప్పటికి ఆగస్టు పదమూడు. మిగిలినవి నాలుగు రోజులు. పేజీకి నిమిషం వేసుకున్నా ఒక్కో పెట్టెకూ ముప్పై గంటలకు పైగా చదవాలి. గట్టి గొంతున్నవాళ్ళు కావాలని ప్రకటన ఇచ్చారు. ఎన్నికలకీ సినిమాలకీ ఆటోల్లో మైకు పట్టుకు తిరిగేవాళ్ళు బిలబిలమంటూ వచ్చారు. వాళ్ళకు ఉచ్చారణ పరీక్ష పెట్టారు. 'సున్న' అని స్పష్టంగా పలికినవాళ్ళందర్నీ తీసుకున్నారు.

హైమవతి తన సీట్లో తల పట్టుకుని కూర్చుంది. చదివినా ఏమీ జరగదు. పదిహేడో తారీకు పన్నెండింటికి అన్నీ ఆగిపోతాయి. ఆ ఉదయమే పనసలగూడ ఆసుపత్రి నుంచి నర్సు బిడ్డిక జమున ఫోన్ చేసింది. పనసలగూడ కొండ మీది ఊరు. అంబులెన్సుకు కబురంపాలంటే అక్కడ పెట్టె తప్ప వేరే దారి లేదు.

"మేడమ్, పెట్టెలు ఆగిపోతాయని కిందన అనుకుంతన్నారు. నిజమేనా? నా దగ్గర నెలలు నిండినోళ్ళు ముగ్గురున్నారు. ఒకామెకి బీపీ ఎక్కువుంది. పదిహేడు రాకమునుపే ఆమెని డోలీలో దించీమంతారా, ఉంచమంతారా? ఒక్క మాట సెప్పండి."

"ఉంచండి," అంది హైమవతి. అనేశాక భయమేసింది. ఆ మాట ఏ ధైర్యంతో అందో ఆమెకే తెలీదు.

ఆ సంగతే ఇప్పుడు పైడితల్లికి చెప్పింది. పైడితల్లి ముప్పై ఏళ్ళుగా ఆ కార్యాలయంలో ఉంది. భుజానికి నూనెగుడ్డ కట్టుకుని, ఇడ్లీ డబ్బా మూత తీస్తూ అంతా విన్నది.

"ఏటి మేడమ్, దీనికే ఇంత బెంగెట్టుకుంతారా? మీరు పని సేత్తానంతే ఆయన ఒప్పుకోడు. పని సెయ్యనని రాయండి, ఒప్పుకుంతాడు."

"అంటే?"

"మినిస్టరు గారొచ్చినప్పుడు ముందు రోజు ఏటి సేస్తాం? రిహార్సలు. రిబ్బను కత్తిరించీసినట్టు చేతులు తిప్పుతాం గానీ కత్తిరించం. దానికి అనుమతులేటీ అక్కర్లేదు. ఏటీ జరగదు గదా మరి. మీరూ రిహార్సలని రాయండి."

హైమవతి కాగితం అందుకుంది. 'చదివి వినిపించు మహాకార్యక్రమమునకు ముందుగా, తీగ మీద ఒక పూర్వాభ్యాసము నిర్వహించుటకు అనుమతి కోరడమైనది' అని రాసింది. 'మహా' అన్న మాట పైడితల్లిది.

తారకేశ్వరరావు ఆ నోట్‌ను ఎంతో మెచ్చుకున్నాడు. మూడేళ్ళలో ఆమె రాసిన మొదటి పరిణతి గల నోట్ అదేనన్నాడు. కింద ఎర్ర సిరాతో ఒక్క షరతు పెట్టాడు: 'పూర్వాభ్యాసము వలన ఎటువంటి ఫలితమూ కలుగరాదు.'

పద్నాలుగో తారీకు ఉదయం పదిన్నరకు హైమవతి కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కింది. పదకొండు సెకన్ల తరవాత తెర మీద రెండు వందల పన్నెండు జవాబులు బారులు తీరాయి. పెట్టెలన్నీ కొత్త మైక్రోకోడు అందుకున్నాయి. ఆమె కళ్ళు చెమర్చాయి. నివేదికలో మాత్రం 'ఎటువంటి ఫలితమూ గమనించబడలేదు' అని రాసింది. పైడితల్లి ముద్ర వేసింది.

ఇక మహాకార్యక్రమం. పర్యవేక్షణకు హైమవతిని పనసలగూడ వేశారు. అక్కడికి చదువరిగా వచ్చినవాడు మైకు సిమ్మాద్రి. నలభై ఏళ్ళవాడు, నున్నగా దువ్విన జుట్టు, మెళ్ళో పట్టుకండువా. ఆసుపత్రి వరండాలో పెట్టె ఎదురుగా కుర్చీ వేసుకుని, బొత్తి ఒళ్ళో పెట్టుకుని, పెట్టెకు ఒక నమస్కారం పెట్టి మొదలెట్టాడు.

"సున్న. సున్న. ఒకటి. సున్న. ఒకటి. ఒకటి..."

సాక్షులుగా వార్డు మెంబరూ ఆశా వర్కరూ కూర్చున్నారు. మొదటి రోజు ఊరంతా వచ్చింది. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. మధ్యలో ఒక ముసలాయన లేచి, కథలో రాజెప్పుడొస్తాడని అడిగాడు. ఇంకా చాలా పేజీలున్నాయని సిమ్మాద్రి సముదాయించాడు. రెండో రోజు ఒకే రకంగా చదవడం విసుగనిపించి, వరసగా ఒకట్లు వచ్చిన చోట గొంతు హెచ్చించి, సున్నాల దగ్గర దించుతూ, పది సున్నాలు వరసగా వస్తే కళ్ళు తుడుచుకుంటూ చదివాడు. ఆడవాళ్ళు ఇద్దరు నిజంగానే ఏడ్చారు. బీపీ ఉన్నామెకు ఆ మధ్యాహ్నం హాయిగా నిద్ర పట్టిందనీ బీపీ కూడా కాస్త దిగిందనీ జమున రిజిస్టరులో రాసుకుంది.

మూడో రోజు, పదహారో తారీకు, ఆరు వందల పదకొండో పేజీలో సిమ్మాద్రి గొంతు పోయింది. ఒకటికీ సున్నకీ తేడా తెలీకుండా గాలి మాత్రమే వచ్చింది. జమున ఉప్పునీళ్ళు పుక్కిలింపించింది. లాభం లేకపోయింది. అతను చేతులు జోడించి, పెట్టెకు సైగలతో క్షమాపణ చెప్పి, కిందికి వెళ్ళే జీపెక్కేశాడు.

పదిహేడో తారీకు పదకొండున్నరకు ఊరు మళ్ళీ వరండాలో చేరింది. హైమవతి గడియారం చూసుకుంటోంది. కొత్త మైక్రోకోడు తనే రాసింది, తనే పంపింది, తప్పు లేదని తెలుసు. అయినా మళ్ళీ మళ్ళీ పెట్టె వంక చూస్తోంది. పన్నెండయింది. పన్నెండూ ఒకటయింది. పచ్చదీపం ఆరలేదు. జమున రిసీవరు ఎత్తి చెవికి ఆనించి, మోగుతోందని తల ఊపింది.

"నిలబడింది మేడమ్," అంది. హైమవతి అక్కడే గడప మీద కూర్చుండిపోయింది.

ఆ రాత్రే నొప్పులొస్తే అంబులెన్సు సమయానికి వచ్చి బీపీ ఉన్నామెను కిందికి తీసుకెళ్ళింది. తల్లీ బిడ్డా బాగున్నారు.

కార్యాలయంలో పండగ చేసుకున్నారు. రెండు వందల పదకొండు ఊళ్ళలో పూర్తిగా చదివి వినిపించారు, అక్కడ పెట్టెలు ఆగలేదు. చదివించడం వల్లనే ఆగలేదని తేలింది. ముప్పై నాలుగో నిబంధన విజయం మీద సదస్సు పెట్టారు. ఇకమీదట మైక్రోకోడు మార్పులన్నీ చదివే వినిపించాలనీ, శాశ్వత పఠన విభాగం ఏర్పాటు చెయ్యాలనీ తీర్మానించారు. తారకేశ్వరరావుకు శాలువా కప్పారు. ఆయన పెద్దమనసుతో మీటింగులో హైమవతి పేరు కూడా చెప్పాడు. పూర్వాభ్యాసం ఏ ఫలితమూ లేకుండా చక్కగా నిర్వహించినందుకు.

అయితే పనసలగూడ నివేదిక దగ్గర ఆయన కలం ఆగింది. మళ్ళీ హైమవతికి పిలుపు వచ్చింది.

"అక్కడ ఆరు వందల పదకొండో పేజీ దగ్గర పఠనం నిలిచిపోయింది. అంతేనా?"

"అవును సార్."

"అయినా ఆ పెట్టె పదిహేడో తారీకున సక్రమంగా పనిచేసింది."

"చేసింది సార్."

"ఏ ఉత్తర్వు ప్రకారం?"

హైమవతికి తన నోట్ కింది ఎర్ర సిరా షరతు గుర్తొచ్చింది. నిజం చెబితే పూర్వాభ్యాసానికి ఫలితం కలిగినట్టవుతుంది. అప్పుడు మిగతా రెండు వందల పదకొండు పెట్టెలూ కలిపి ముద్దాయిలవుతాయి.

పనసలగూడ పెట్టెకు మెమో వెళ్ళింది. 'తమకు ఉత్తర్వులు పూర్తిగా అందకుండానే సక్రమముగా పనిచేసినందుకు తమపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో ఏడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను.' ఏడు రోజులు గడిచాయి. పెట్టె సంజాయిషీ ఇవ్వలేదు. ఎనిమిదో రోజున దాన్ని సస్పెండు చేశారు. ఉత్తర్వును చదివి వినిపించే బాధ్యత హైమవతికి అప్పజెప్పారు.

ఆమె బస్సులో కూర్చుని, సాక్షుల ముందే విప్పాల్సిన ఆ సీలు కవరును పదిసార్లు తిరగేసింది. సస్పెండయితే పెట్టెను ఊడదీసి పట్టుకురావాలేమో అని ఆమె భయం. కొండ ఎక్కి, వరండాలో వార్డు మెంబరూ ఆశా వర్కరూ సాక్షులుగా నిలబడగా, పెట్టె ముందు నిలుచుని, కవరు విప్పి గట్టిగా చదివింది.

"సస్పెన్షను కాలములో జీవనభృతి కింద సగము మాత్రమే చెల్లించబడును. ఈ పెట్టెకు జీతము లేనందున, దినమునకు పన్నెండు గంటలు మాత్రమే కరెంటు ఇవ్వవలెను."

జమున నవ్వు ఆపుకుంది. "మా కొండ మీద అంతకన్నా ఎప్పుడొచ్చింది మేడమ్? మిగతాది బ్యాటరీ సూసుకుంతాది. కానివ్వండి."

"విచారణ పూర్తగు వరకు," హైమవతి కాగితం తిప్పింది, "సదరు పెట్టె ఎట్టి పరిస్థితులలోనూ అనుమతి లేనిదే తన స్థానమును విడిచి వెళ్ళరాదు."

ఆ వాక్యాన్ని ఆమె తనలో తనే మళ్ళీ చదువుకుంది.

"అంటే దీన్ని పట్టుకుపోరా?" అంది జమున.

"పట్టుకుపోకూడదు. రూలు ఒప్పుకోదు."

"విచారణెప్పటికవుతాది?"

"పైడితల్లి గారి వీధిలో ఒకాయన మీద పందొమ్మిదేళ్ళుగా జరుగుతోందిట."

లోపల ఫోన్ మోగింది. కింద ఊరి నుంచి ఎవరో అంబులెన్సు కోసం. జమున పరిగెత్తింది. వరండాలోకి ఆమె మాటలు వినబడుతున్నాయి. ఏ ఊరు, ఎన్నో నెల, రోడ్డు దాకా నడిపించగలరా, అని అడుగుతోంది. గోడ మీద పచ్చదీపం గబగబా కొట్టుకుంటోంది.

హైమవతి రసీదు ఫారం తీసింది. సాక్షులిద్దరూ సంతకాలు పెట్టారు. చివర్లో ఒక గడి మిగిలింది: 'ఉత్తర్వు విన్న పిమ్మట సదరు ఉద్యోగి ప్రవర్తన.' ఆమె కలం మూత తీసి, గుండ్రటి అక్షరాలతో రాసింది.

'మౌనముగా స్వీకరించినది. స్థానము విడిచి వెళ్ళలేదు.'